పుట్టీకి పెట్టిన డబ్బులు వసూలు, టూల్ కిట్టుకి పెట్టినవి సగం దండగ: తిరుపతి నుంచి ఒక పాలిమర్ క్లే రివ్యూ

పాలిమర్ క్లేతో, అంటే ఓవెన్లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ మట్టితో, కమ్మలు, లాకెట్లు చేసేవాళ్ళు మన తిరుపతిలో కూడా బాగానే ఉండారు ఇప్పుడు, కొత్తగా మొదలుపెట్టినోళ్ళు అందరూ అడిగేది ఒకటే, అక్కా ఆ డిజైను ఎట్ల తెచ్చినావు, ఏ టూలు కొన్నావు అని. టూలు కాదమ్మా, అచ్చు. అందుకే ఈ రివ్యూ రాస్తా ఉండా. ఆన్‌లైన్లో రెండు తెప్పించినా, ఒకటి సిలికాన్ మోల్డ్ పుట్టీ, రెండు డబ్బాల్లోదీ కలిపి వస్తువు మీద ఒత్తితే గట్టిపడి రబ్బరు అచ్చయ్యే రకం, ఇంకోటి క్లే టూల్స్ సెట్టు, పెద్ద పెట్టె, చూస్తే కళ్ళు తిరిగేన్ని పీసులు. బ్రాండు పేర్లు రాయను, ఎందుకంటే అదే సరుకు పది పేర్లతో అమ్ముతా ఉండారు, ఈరోజు ఉన్న పేరు రేపు కనపడదు. పుట్టీకి అయిదుకి నాలుగున్నర. టూల్ సెట్టుకి రెండు, ఆ రెండూ కూడా అందులో ఉన్న గుండు మొన పుల్లల పుణ్యమే.

ముందు పుట్టీ. తెల్ల డబ్బా ఒకటి, రంగు డబ్బా ఒకటి, రెండింట్లోనుంచీ సమానంగా తీసుకోవాల. ఒక డబ్బాలో పెట్టిన స్పూను తుడవకుండా ఇంకో దాంట్లో పెట్టకండి, రవ్వంత అంటుకున్నా ఆ మేరకు లోపలే గట్టిపడి కూర్చుంటాది. చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా చేత్తో పిసకాల, అదీ నిమిషంలోపు అయిపోవాల, ఎందుకంటే ప్యాకెట్ మీద రెండు మూడు నిమిషాల టైముందని రాసింటారు గానీ అది చల్లటి రూములో లెక్క, మన ఊర్లో మే నెల మధ్యాన్నం ఫ్యాను కింద కూర్చుని కలిపితే ఆ వేడికి ఇంకా తొందరగా బిగుసుకుంటాది. డబ్బాలు కాసేపు ఫ్రిజ్జులో పెట్టి తీస్తే రొంత టైము దొరుకుతాది. కలిపినాక పగుళ్ళు లేకుండా నున్నగా ఉండ చేసి, ఆ నున్నటి వైపునే వస్తువు మీద పెట్టి మధ్యలోనుంచి అంచులకి ఒత్తుకుంటా పోవాల, అంచులనుంచి లోపలికి ఒత్తితే గాలి చిక్కుకుని సరిగ్గా డిజైను మీదే గుంత పడతాది. తర్వాత కదిలించకుండా వదిలేయాల. గోరుతో నొక్కి చూస్తే గుర్తు నిలవకుండా వెనక్కి వచ్చేసిందంటే అచ్చు రెడీ, పక్కకి వంచితే వస్తువు ఊడొస్తాది.

పుట్టీ గట్టిపడలేదు, జిగటగానే ఉండాది, మోసం అని ఒక్క స్టార్ రివ్యూలు కొన్ని కనపడతాయి. వాటిలో కొన్నింటికన్నా కారణం చేతికేసుకున్న గ్లౌజులు అయ్యుంటాయని నా అనుమానం. ఇట్లాంటి పుట్టీ చాలావరకు ప్లాటినం రకం సిలికాన్, దానికి గంధకం పడదు, మెడికల్ షాపులో ఇచ్చే లేటెక్స్ గ్లౌజుల్లో అది ఉంటాది, అవి తొడుక్కుని కలిపితే పుట్టీ రాత్రంతా పెట్టినా గట్టిపడదు. నైట్రైల్ గ్లౌజులు వాడండి, లేదా చేతులు శుభ్రంగా కడుక్కుని ఉత్త చేత్తో కలపండి. పిల్లోళ్ళు ఆడుకునే, ఎప్పటికీ గట్టిపడని ప్లాస్టిసిన్ మట్టి కొన్ని రకాల్లో కూడా గంధకం ఉంటాది, దాంతో బొమ్మ చేసి దానికి అచ్చు తీయబోతే ఇదే తంటా.

ఇప్పుడు అసలు మజా ఉండే భాగం, దేనికి అచ్చు తీయాల అనేది. ఆన్‌లైన్లో రెడీమేడ్ టెక్స్చర్ షీట్లు, అంటే క్లే మీద ఒత్తితే డిజైను పడే షీట్లు, అమ్ముతారు, అవే ఆకులు, అవే పూలు, ఏ ఊర్లో ఎవరు చేసినా కమ్మలన్నీ అక్కచెల్లెళ్ళు మాదిరి ఉంటాయి. మన ఊర్లో ఉండే టెక్స్చర్లు వాళ్ళకి యాడ దొరుకుతాయి చెప్పండి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఇత్తడి సామాన్ల అంగళ్ళు ఉండాయి, ఆడ చిన్న కుంకుమ భరిణ తీసుకుంటే దాని మూత మీద పద్మం ఒక్కటి చాలు ఒక సీజనంతా కమ్మలు చేసుకోను. ఇంట్లో ఉన్న హారతి పళ్ళెం అంచు, పాత వెండి పట్టీల గొలుసు, కజ్జికాయల అచ్చు పళ్ళు పళ్ళుగా ఉండే అంచు. జామాకు వెనకవైపు ఈనెలు ఎంత బాగా పడతాయంటే అచ్చు తీసిన తర్వాత ఆకు కంటే అచ్చే అందంగా ఉంటాది, ముదురాకు తీసుకోవాల, లేతదైతే నలిగిపోతాది. చింతమాను బెరడు. కుప్పం వైపు నుంచి వచ్చే గ్రానైట్ పలకకి పాలిష్ పెట్టని వైపు ఉంటుంది గదా, అది కూడా, దానిమీద నల్ల క్లే ఒత్తితే అచ్చం రాయే అంటారు. మాధవమాల ఊర్లో చెక్కే చెక్క బొమ్మలున్నోళ్ళు వాటి కిరీటం మీద, నడుం పట్టీ మీద చెక్కిన గీతల నుంచి చిన్న ముక్కంత అచ్చు తీసుకోవచ్చు, ఇంట్లో మీ అలంకారానికి అంటే ఎవురూ ఏమనరు గానీ ఒక ఆసామి చెక్కిన ముఖానికి ఉన్నదున్నట్టు అచ్చు తీసి కమ్మలు చేసి అమ్ముకోవడం మాత్రం నాకు నచ్చదు, అట్లాంటివి అమ్మేవాళ్ళు ఇన్‌స్టాలో ఉండారు, వాళ్ళకి తెలుసు.

ఇంకో మాట, కలంకారీ బ్లాకులు అని చెక్క అచ్చులు అమ్ముతారు ఆన్‌లైన్లో, శ్రీకాళహస్తి పేరు పెట్టి కూడా. మన శ్రీకాళహస్తి పని కలంతో చేత్తో గీసేది, చెక్క అచ్చులతో అద్దేది మచిలీపట్నం, పెడన వైపు పని. బ్లాకు బాగుంటే కొనుక్కోండి, పేరు చూసి జాస్తి ఇవ్వొద్దు.

బట్ట మీద మాత్రం పుట్టీ పెట్టకండి. దారాల మధ్యకి దూరి గట్టిపడితే అమ్మ పట్టుచీర అంచు గతి గోవిందా. లేసు కావాలంటే పాత ముక్క ఒకటి తీసుకుని, క్లే మీద కార్న్‌ఫ్లోర్ చల్లి, లేసు పరిచి, పైన రోలరు తిప్పితే నేరుగా పడతాది, అచ్చుతో పనే లేదు. ఇక్కడ చాలామందికి ఒక తికమక ఉంటాది. వస్తువుని నేరుగా క్లే మీద ఒత్తితే ఉబ్బెత్తుగా ఉన్నది గుంతగా పడతాది. వస్తువులో ఉన్నట్టే ఉబ్బెత్తుగా రావాలంటే ముందు పుట్టీ అచ్చు, ఆ అచ్చులో క్లే. పద్మానికి రెండోదే బాగుంటాది, ఆకుకి రెండూ బాగుంటాయి, గ్రానైటుకి ఏ రకంగా చేసినా ఎవరికీ తేడా తెలీదు.

పుట్టీ కొనే పని లేకుండా కూడా అచ్చు అవుతాది. రంగులు కలిసిపోయి మిగిలిన తుక్కు క్లే ఉంటాది గదా, దాన్ని మందంగా ఒత్తి, పొడి చల్లి, వస్తువు గుర్తు వేసి ఓవెన్లో కాలిస్తే అదే గట్టి అచ్చు. లోతు తక్కువ డిజైన్లకి ఇది బ్రహ్మాండం. కానీ వంగదు, అందుకని కింద వెడల్పు పైన సన్నం ఉండే డిజైన్లు అందులో ఇరుక్కుపోతాయి, పైగా పచ్చి క్లే కాలిన క్లేకి అంటుకుంటాది, ప్రతిసారీ కార్న్‌ఫ్లోరో నీళ్ళ తడో ఉండాల్సిందే. సిలికాన్‌కి ఆ బాధ లేదు. సిలికాన్ గట్టిగా పట్టుకునేది ఇంకో సిలికాన్‌నే, కాబట్టి ఉన్న అచ్చుకి మళ్ళీ అచ్చు తీయాలనుకుంటే మధ్యలో వాజిలిన్ పూయాల, లేకపోతే రెండూ ఒకటే ముద్ద.

టూల్ సెట్టు సంగతికి వస్తా. పెట్టె తెరిస్తే చెక్క కత్తులు, తీగ చుట్టలు, స్పాంజి, సగం కుండల మట్టి పనికి చేసినవి. చెక్కవి గరుకు, క్లే మీద గీతలు పడతాయి. తీగ చుట్టలు తడి మట్టి చెక్కేదానికి, మన క్లేకి అక్కర్లేదు. పనికొచ్చేది గుండు మొన పుల్లలు, అవి మెహెందీకి, నెయిల్ ఆర్టుకి వాడే డాటింగ్ టూల్సే, గాంధీ రోడ్డు వైపు ఫ్యాన్సీ షాపుల్లో అంతకంటే చవగ్గా దొరుకుతాయి. ఇచ్చిన బ్లేడు మందం, కొస్తే అంచు నలుగుతాది. పలచగా, పొడుగ్గా, వంగే స్టీలు బ్లేడు విడిగా కొనుక్కోండి, డబ్బులు పెట్టదగింది అదొక్కటే. ఇంకా ఒక సంగతి, ఆ పెట్టె గట్టి ట్రాన్స్‌పరెంట్ ప్లాస్టిక్కు, పాలిస్టైరీన్ అయ్యుండొచ్చు, అందులో పచ్చి క్లే దాచొద్దు. క్లేని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం ఆ ప్లాస్టిక్కుని తినేసి పెట్టెకి క్లే అతుక్కుపోతాది. అడుగున త్రికోణంలో 5 అని ఉండే పాలీప్రొపిలీన్ డబ్బాలు మేలు, లేదా బటర్ పేపర్లో చుట్టి పెట్టండి.

మిగతావి ఊర్లోనే అయిపోతాయి. టైల్స్ షాపులో మిగిలిపోయిన నున్నటి టైలు ముక్క అడిగితే చాలాసార్లు ఊరికే ఇస్తారు, దానిమీదే పని చేసి దాంతోనే ఓవెన్లో పెట్టేయొచ్చు. మందం సమానంగా రావడానికి రెండు పక్కలా ఐస్‌క్రీం పుల్లలు పెట్టి రోలరు తిప్పితే సరి. సన్నటి తీగలు రావాలంటే పాత మురుకుల గొట్టం ఉండాది, చేతులు నొప్పులు పుడతాయి గానీ పని చేస్తాది, ఒకసారి క్లే పెట్టిన గొట్టం మళ్ళీ వంటింట్లోకి పోకూడదు, ఇది ఇంట్లో అత్తకి ముందే చెప్పి తీసుకోండి.

హుక్కులు, రింగులు, జిమిక్కీ గంటలు కొనే అంగడిలో క్లే అడిగితే ఆ అన్న, "క్లే అంటే పిల్లోళ్ళు ఆడుకునేదామ్మా? మోల్డిట్ ఉండాది, అది తీస్కోపో" అన్నాడు. మోల్డిట్ మంచిదే కానీ అది వేరే జాతి, రెండు ముద్దలు కలిపితే దానంతటదే గట్టిపడేది, ఓవెన్ అక్కర్లేదు. ఇంకా ఎయిర్ డ్రై క్లే అని గాలికే ఆరి గట్టిపడేది ఉంటాది, అది ఆరేటప్పుడు కుంచించుకుపోతాది, సన్న గీతలు మొద్దుబారతాయి. టెక్స్చరు గోరంత కూడా పోకుండా నిలవాలంటే పాలిమర్ క్లేనే, అందులో కూడా మరీ మెత్తటి రకం కాకుండా ఫిమో ప్రొఫెషనల్, స్కల్పీ ప్రెమో లాంటి గట్టి రకం. ఎండాకాలం అది కూడా మెత్తబడతాది, అప్పుడు అచ్చులో ఒత్తి అచ్చుతో సహా పది నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి తీస్తే సాగకుండా ఊడొస్తాది.

టెంపుల్ జువెలరీ లుక్ కావాలనుకునేవాళ్ళకి: అచ్చులోంచి తీసినాక వేలితో బంగారు రంగు మైకా పొడి తీసుకుని ఉబ్బెత్తు మీద మాత్రం రాయండి, లోపలికి పోనివ్వొద్దు. మైకా అంటే మన గూడూరు గనుల్లో తీసే అభ్రకం జాతే, రెజిన్ పనివాళ్ళ దగ్గర దొరుకుతాది, సన్న పొడి కాబట్టి మాస్కు కట్టుకోండి. కాల్చినాక ముదురు గోధుమ రంగు యాక్రిలిక్ పూసి వెంటనే తుడిచేస్తే గుంతల్లో మాత్రం నిలుస్తాది. పద్మం రేకులు అప్పుడు చూడాల.

కాల్చడం గురించి పెద్దగా చెప్పను, ప్యాకెట్ మీద ఉన్నట్టు చేయండి, ఫిమోకి 110 డిగ్రీలు, ప్రెమోకి 130 దగ్గర, అరగంట. కానీ ఓటీజీ (ఇంట్లో పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) బటన్ మీద అంకెని నమ్మొద్దు, లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొనండి. ఇది పీవీసీతో చేసే క్లే, మాడితే ఘాటు పొగ, అది ఊపిరికి మంచిది కాదు, కిటికీలు తెరవాల. మైక్రోవేవ్ మోడ్‌లో అసలు పెట్టొద్దు.

పుట్టీకి అర మార్కు ఎందుకు కోసినా అంటే, ఒకటి రేటు, పెద్ద అచ్చులు చేస్తే డబ్బాలు ఇట్టే ఖాళీ అవుతాయి, అందుకే రూపాయి బిళ్ళ సైజు డిజైన్లకే వాడుతా ఉండా, పెద్దవాటికి తుక్కు క్లే. రెండోది, నాకొచ్చిన రెండు డబ్బాల మూతలకీ ఒకటే రంగు. తెరిచిన వెంటనే మార్కరుతో ఒక మూత మీద ఏ, ఇంకో మూత మీద బీ అని రాసుకోండి, మూతలు మారితే రెండు డబ్బాలూ అంచుల దగ్గర గట్టిపడిపోతాయి. క్లే ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్ళు ఏప్రిల్ లోపలే తెప్పించుకోండి, ఎండలో డెలివరీ బండిలో రోజంతా తిరిగిన క్లే ఇంటికి వచ్చేసరికే సగం గట్టిపడి పొడి పొడిగా విరుగుతా ఉంటాది, దాన్ని వాపసు తీసుకోమంటే ఆ అమ్మేవాళ్ళు ఫోటోలు అడుగుతానే ఉంటారు.