పాలితోవా పాకిన రాయి: తీసేయడం మేలా, ట్యాంకులోనే చంపడం మేలా?

"గోధుమరంగు బటన్లు రాయంతా పాకేశాయి, ఎలా వదిలించుకోవాలి?" రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీటి పగడాల అక్వేరియం, పెట్టినవాళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. ఆ బటన్లు చాలాసార్లు పాలితోవా అనే, పగడాలకు చుట్టమైన సముద్రజీవి. ఒక్కో బటన్ ఒక పాలిప్. దారులు నాలుగైదున్నాయి. ఏ దారి పట్టినా పాలిప్స్ చస్తాయి, కాబట్టి ఏది బాగా చంపుతుందని చూస్తే తేడా తేలదు. చూడాల్సింది వేరే ఉంది. పని చేస్తున్నంతసేపూ పాలిటాక్సిన్, అంటే పాలితోవాలో ఉండే ప్రాణాంతక విషం, నీళ్లలోనే ఉంటుందా, గాల్లోకి లేస్తుందా? నీళ్లలో ఉన్నదాన్ని యాక్టివేటెడ్ కార్బన్ (ఫిల్టర్లో వేసే బొగ్గు) పట్టుకుంటుంది, బ్లీచ్ విరిచేస్తుంది. గాల్లోకి లేస్తే పక్క గదిలో పడుకున్న పిల్లల దాకా పోతుంది.

ముందు అది పాలితోవాయేనా అన్నది తేల్చుకోండి. అద్దం బయటి నుంచి టార్చి వేసి పాలిప్స్ మొదళ్లు చూడండి. అక్కడి కండలో ఇసుక రేణువులు కూరుకుపోయి గరుగ్గా కనిపిస్తే పాలితోవా. చూడ్డానికి దానిలాగే ఉండే జోయాంథస్ అలా ఇసుకను కండలో ఇముడ్చుకోదు. ఎంత విషముందో మాత్రం కంటికి తెలియదు. అక్వేరియం షాపుల్లో కొన్న నమూనాలను పరీక్షించి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) శాస్త్రవేత్తలు 2011లో ఫలితాలు ప్రచురించారు. కొన్నింటిలో గ్రాముకు మిల్లీగ్రాముల లెక్కన విషముంది, కొన్నింటిలో అసలు లేదు. అందుకని ప్రతి పాలితోవానూ విషముందనే అనుకుని ముట్టుకోండి.

మరిగే నీళ్లు పోయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ఎక్కువమందికి మొదట తోచేది కూడా ఇదే. పాలిటాక్సిన్ ఆ వేడికి చెడిపోదు, ఆవిరితో పాటు తుంపరగా లేస్తుంది. వర్జీనియాలో ఒకాయన రాయి మీద ఇలాగే మరిగే నీళ్లు పోసి, ఆవిరి పీల్చి, నిమిషాల్లో దగ్గు మొదలై, గంటల్లో ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యారు. రాయిని బయటపెట్టి బ్రష్షుతో రుద్దినా, ప్రెషర్ పైపుతో కొట్టినా, రంపంతో కోసినా జరిగేది ఇదే, జిగురూ నీళ్లూ కలిసి తుంపరై ముఖం మీదికి వస్తాయి. ఎండలో ఆరబెట్టి గీకితే పొడి లేస్తుంది.

ఇక మిగిలినవి రెండు: ట్యాంకులోనే సున్నం ముద్దతో చంపడం, రాయిని పూర్తిగా తీసేయడం.

సున్నం ముద్దంటే కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని ఆర్వో నీళ్లతో టూత్‌పేస్టులా కలిపినది. పంపులన్నీ ఆపి, మొద్దు సూది పెట్టిన సిరంజితో ఒక్కో పాలిప్ మీద కప్పి, అరగంట కదపకుండా ఉంచాలి. అక్కడక్కడా అయిదారు పాలిప్స్ ఉండి, ఆ రాయి అన్నిటి అడుగునా ఇరుక్కుని కదలదనుకుంటే ఇది సరైన పనే. రాయి మీద చాపలా పరుచుకున్న పాలిప్స్ మొత్తాన్ని ఒక్కరోజులో కప్పేయాలనుకున్నప్పుడే బెడిసికొడుతుంది. పీహెచ్ ఎగబాకుతుంది, కుళ్లిన కండంతా ఒకేసారి నీళ్లలో కలుస్తుంది, చేపలూ రొయ్యలూ దెబ్బతింటాయి. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు అయిదారు పాలిప్స్‌తో ఆగండి, పీహెచ్ 8.5 దాటితే ఆ రోజుకు ఆపేయండి. చచ్చినవాటిని పైపుతో బకెట్లోకి లాగాలి. పైపును నోటితో పీల్చి నీళ్లు దించే అలవాటు మనలో చాలామందికి ఉంది, ఇక్కడ మాత్రం అది ప్రాణం మీదికి తెస్తుంది. పైపును ముందే నీళ్లతో నింపి దించండి.

నా ఓటు మాత్రం రాయిని తీసేయడానికే. ఒక్కసారిలో అయిపోతుంది, పాలిప్స్‌ని ముట్టుకునే పనే ఉండదు, విషం నీటి కిందే ఉంటుంది. మోచేతి దాకా వచ్చే నైట్రైల్ గ్లవ్స్, ముఖానికి గట్టిగా అతుక్కునే గాగుల్స్ వేసుకోండి. చేతి మీద గాయముంటే ఆ రోజు ఆ పని వద్దు. ఎన్95 మాస్కు పెట్టుకోండి, కానీ దాని ధైర్యంతో రుద్దడానికి పూనుకోకండి. పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ బయటికి పంపి, కిటికీలు తెరిచి, పంపులు, ట్యాంకు మీది ఫ్యాను ఆపండి. మందపాటి ప్లాస్టిక్ సంచిని నీళ్లలో ముంచి, రాయిని లోపలే అందులోకి జార్చి, మూతి కట్టి, నీళ్లతో సహా ఎత్తి మూత ఉన్న బకెట్లో దించండి.

బకెట్‌ను ఆరుబయటికి తీసుకెళ్లాక, ప్రతి తొమ్మిది లీటర్ల నీటికి ఒక లీటరు బ్లీచ్ చొప్పున మెల్లగా పోసి, సంచి మూతి నీటి కిందే విప్పండి. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 శాతం దాకా ఉందో లేదో చదివి కొనండి. ఫినాయిల్ దీనికి పనికిరాదు. యాసిడ్ టాయిలెట్ క్లీనర్‌గానీ వెనిగర్‌గానీ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది, వాటిని దగ్గరికి రానివ్వకండి. రాత్రంతా నానబెట్టాక రాయిని పారేయండి. వాడిన పనిముట్లూ గ్లవ్సూ తుడిచిన గుడ్డలూ తడారకముందే అదే బకెట్లో పడాలి. ట్యాంకులో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేసి, పావు వంతు నీళ్లు మార్చి, రెండో రోజుకల్లా కార్బన్ కూడా మార్చేయండి.

రాయి మరీ పెద్దదైతే నీటి కిందే ఉలితో, చాప అంచుకు ఒక సెంటీమీటరు అవతల, రాయినే పగలగొట్టి ఆ ముక్కను పై పద్ధతిలోనే తీయొచ్చు. ఎపాక్సీతో, అంటే గట్టిపడే అతుకు ముద్దతో, కప్పేయడం ఒకటి రెండు పాలిప్స్‌కి సరిపోతుంది, అంచుల్లోంచి మళ్లీ వస్తాయి. చేపలతో తినిపించే ఆలోచన మీద డబ్బు పెట్టకండి.

ఏ పద్ధతైనా సరే, చేస్తుండగాగానీ చేశాక కొన్ని గంటల్లోగానీ నోట్లో చేదు, లోహం రుచి, చలిజ్వరం, దగ్గు, ఆయాసం, కండరాల నొప్పి, పెదాల తిమ్మిరి వస్తే ఫ్లూ అనుకుని పడుకోవద్దు. అందరూ ఇంట్లోంచి బయటికి వచ్చేయండి. తెలుగు రాష్ట్రాల్లోనైతే 108కి ఫోన్ చేయండి. అమెరికాలోనైతే ఊపిరాడనప్పుడు 911కి, సలహాకి పాయిజన్ హెల్ప్ 1-800-222-1222కి చేయండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, కార్నియా కరిగిపోయిన కేసులున్నాయి. దీనికి విరుగుడు మందు లేదు, లక్షణాలకే వైద్యం చేస్తారు. చాలామంది డాక్టర్లకు ఇది ఎదురుపడి ఉండదు గనుక "పాలిటాక్సిన్" అన్న మాటను కాగితం మీద రాసి చేతికివ్వండి.