చిన్నోడు పెద్దోణ్ణి కొడితే: ఏ గెలుపు మేలు?

2025 సెప్టెంబరు 14, ఆదివారం పొద్దున. అంబాజీపేటలో మా బావ కొబ్బరి కొట్టు. ఒలుపు మనుషులు ఆవేళ రాలేదు. ఖాళీగా ఉన్న కాటా మీద ఫోను నిలబెట్టి, పడిపోకుండా వెనకాల ఓ ముదురుకాయ దన్ను పెట్టాడు బావ. లాస్ వేగాస్‌లో బాక్సర్లు టెరెన్స్ క్రాఫర్డ్, కనేలో అల్వారెజ్ పన్నెండు రౌండ్లూ కొట్టుకున్నారు. ముగ్గురు జడ్జీలూ 116-112, 115-113, 115-113 అని, కింది బరువు నుంచి ఎక్కొచ్చిన క్రాఫర్డ్‌కే ఇచ్చారు. బావ తొడ చరిచి, "ఒరేయ్, చిన్నోడు పెద్దోణ్ణి కొట్టడమంటే ఇదీ! దీన్ని మించింది ఇప్పటిదాకా లేదు, ఇక రాదు" అనేశాడు.

నేను ఒప్పుకోలేదు. ఆ గొడవ మా మధ్య ఇంకా తెగలేదు.

బరువు సంగతి గోదావరి జిల్లాల వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. సంక్రాంతికి బరి దగ్గర నిలబడ్డ ఎవరికైనా తెలుసు, రెండు కోళ్ళనీ చేత్తో ఎత్తి చూడకుండా జోడు కట్టరు. కత్తి కట్టిన పందెంలో చిన్న కోడికీ ఆశ ఉంటుంది, సరిగ్గా ఒక్క వేటు పడితే చాలు. కత్తి లేని డింకీ పందెం అలా కాదు. తన్నులు ఓర్చుకోవాలి, మీదపడితే మోయాలి. బాక్సింగు డింకీ పందెమే. పెద్దవాడు గట్టిగా గుద్దనక్కర్లేదు కూడా, వాటేసుకుని మెడ మీద వాలుతూ ఉంటే ఆరో రౌండుకల్లా చిన్నవాడి కాళ్ళు పీకేస్తాయి.

ఉత్త కిలోలే లెక్కేస్తే ఈ పోటీ రాయ్ జోన్స్‌దే. ఒకప్పుడు 72 కిలోల మిడిల్‌వెయిట్ ఛాంపియన్. 2003 మార్చిలో దాదాపు 87 కిలోలతో బరిలోకి దిగి, 102 కిలోల జాన్ రుయిజ్‌ని పాయింట్ల మీద ఓడించి, అన్నిట్లోకీ పెద్ద బరువైన హెవీవెయిట్ బెల్టు పట్టుకుపోయాడు. 1897లో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ తర్వాత మిడిల్‌వెయిట్ నుంచి వచ్చి ఆ పని చేసినవాడు మళ్ళీ అతనే. కానీ ఆ ఫైటు చూడండి. రుయిజ్ మెల్లగా ముందుకొచ్చి పట్టుకోవాలని చూడటం, జోన్స్ పక్కకి తప్పుకుని పొడవటం, అంతే. పదిహేను కిలోల తేడా ఉందన్న భయం మనకి ఒక్క రౌండులోనూ కలగదు. దాని ఖరీదు మాత్రం తర్వాత కట్టాడు. పెంచిన కండ దించుకుని పాత 79 కిలోల బరువుకొచ్చాక 2004 మేలో ఆంటోనియో టార్వర్ రెండో రౌండులోనే పడుకోబెట్టాడు.

మానీ పాకియావ్ పేరెత్తకపోతే కొట్టుకొచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకని ఎత్తుతున్నా. 1995లో 48 కిలోలతో మొదలెట్టినవాడు 2008 డిసెంబరులో ఆస్కార్ డి లా హోయాని ఎనిమిదో రౌండు తర్వాత స్టూలు మీంచి లేవనివ్వలేదు. చెప్పుకోవడానికి అద్భుతం. లోపల చూస్తే, డి లా హోయా ఏళ్ళ తర్వాత 66 కిలోల తక్కువ బరువుకి దిగి, ఒంట్లో సారం లేకుండా వచ్చాడు. నా లెక్కలో దానికంటే 2010 నవంబరు నాటి మార్గరీటో ఫైటు ఎన్నో రెట్లు మేలు. బరిలోకి దిగే వేళకి పాకియావ్ 67 కిలోలు, మార్గరీటో దాదాపు 75. ఆ పెద్దమనిషి కంటి గూటి ఎముక చితికిపోతే, పదకొండో రౌండులో పాకియావే ఇక ఆపరా అన్నట్టు రిఫరీ వైపు చూశాడు. అయినా మార్గరీటో అప్పటికే 2009లో షేన్ మోస్లీ చేతిలో చిత్తయి, గ్లోవ్స్ లోపలి చేతికట్టులో గట్టి సరుకు దొరికిన గొడవలో లైసెన్సు పోగొట్టుకుని వచ్చినవాడు. తోటలో ముందే ఎవరో సగం నరికిన చెట్టు.

దీన్నిబట్టే నా పట్టు మీకు అర్థమయి ఉంటుంది. గెలిచినవాడు ఎన్ని కిలోలు ఎక్కాడన్నది కాదు, ఓడినవాడు ఆ రాత్రి ఏ స్థితిలో ఉన్నాడన్నది ముందు చూడాలి.

ఆ చూపుతో చూస్తే మైకేల్ స్పింక్స్ కూడా కాస్త కిందికి జారతాడు. 1985 సెప్టెంబరు 21న లారీ హోమ్స్‌ని ఓడించాడు. 79 కిలోల లైట్ హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉంటూనే హెవీవెయిట్ టైటిల్ కొట్టిన మొదటివాడు. హోమ్స్ అప్పటికి 48కి 48 గెలిచాడు, ఇంకొక్కటి గెలిస్తే 49కి 49 గెలిచిన రాకీ మార్సియానో సరసన కూర్చునేవాడు. మెచ్చుకోవాల్సింది ఆ తయారీని. మాకీ షిల్‌స్టోన్ అనే ఆయన, బాక్సర్లు తరాలుగా తీస్తున్న దూరపు పరుగులు మాన్పించి, బరువులెత్తించి, ఆగి ఆగి పరిగెత్తించి, కొవ్వు పట్టకుండా 90 కిలోలకి తెచ్చాడు. పాత ట్రైనర్లు నవ్వారట. అయినా హోమ్స్‌కి 35 ఏళ్ళు నిండాయి, చేతుల్లో ఆ పదును లేదు. తేడా ఇద్దరు జడ్జీల దగ్గర ఒక్క పాయింటే, మూడో ఆయన దగ్గర మూడు.

ఇప్పుడు బావ గారి క్రాఫర్డ్. 61 కిలోల దగ్గర ఛాంపియన్ అయినవాడు. 70 కిలోల కేటగిరీలో ఒక్కటే ఫైటు ఆడి, మధ్యలో మెట్టు దాటేసి, 76 కిలోల దగ్గరికి నేరుగా గెంతాడు. ముప్పై ఎనిమిదికి రెండు వారాలు తక్కువ వయసు. ఇదంతా నిజమే, ఆయ్, కాదనను. కానీ ఇద్దరూ బరి మధ్యలో ఎదురెదురుగా నిలబడ్డ బొమ్మ ఓసారి ఆపి చూడండి. కనేలో పొడుగేం కాదు, క్రాఫర్డ్ చేతులే పొడుగు. కనేలో కూడా కింది బరువుల నుంచి ఎక్కొచ్చినవాడే. పైగా 2021 నవంబరు తర్వాత ఎవర్నీ నాకౌట్ చేసింది లేదు. క్రాఫర్డ్ ఆట మాత్రం ముత్యం. కొట్టి తప్పుకోవడం, తప్పుకుంటూ కొట్టడం. పేరుకి రెండు మెట్లు పైవాడు, ఒడ్డూ పొడుగూ చూస్తే అంత కాదు.

నా ఓటు 1980 జూన్ 20, మాంట్రియల్. రొబెర్టో డురాన్, షుగర్ రే లెనార్డ్.

డురాన్ ఏడేళ్ళు 61 కిలోల లైట్‌వెయిట్‌ని ఏలినవాడు. లెనార్డ్ 66 కిలోల వెల్టర్‌వెయిట్ ఛాంపియన్, 24 ఏళ్ళు, 27 ఫైట్లలో ఓటమి లేదు, మెరుపు కాళ్ళు, మూడంగుళాలు పొడుగు. కాటా దగ్గర తేడా లేనట్టే. బావకి అదే దొరికింది, "తూకంలో ఒకటే అయితే ఇంక చిన్నోడేంట్రా?" అంటాడు. రోజూ కాయలు తూచే మనిషి అనాల్సిన మాటేనా అది? పచ్చికాయా, ముదురుకాయా ఒకే బరువు తూగొచ్చు. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో కొబ్బరి. లెనార్డ్ ఆ బరువుకే పుట్టినవాడు, డురాన్ దాన్ని తెచ్చిపెట్టుకున్నాడు.

ఆ రాత్రి జరిగింది చెబుతా. డురాన్ అంతకుముందు రోజుల నుంచే లెనార్డ్‌ని, అతని భార్యని కూడా నోటికొచ్చినట్టు తిట్టి మగతనం మీద దెబ్బ కొట్టాడు. లెనార్డ్ ఆ రోషంలో తన కాళ్ళ ఆట వదిలేసి, నిలబడి గుద్దులాడటానికి ఒప్పుకున్నాడు. రెండో రౌండులో ఎడమ హుక్కు తగిలి తూలాడు. ఆ తర్వాత డురాన్ తలకాయ అతని గడ్డం కింద దూర్చి, భుజంతో నెట్టి, తాళ్ళకి అదిమి, పొట్టలో పొడుస్తూనే ఉన్నాడు. నేను చెప్పిన డింకీ లెక్క తలకిందులైంది ఇక్కడ. మీదపడి వాలింది చిన్నవాడు, మోసింది పెద్దవాడు. పదిహేను రౌండ్లు. 145-144, 146-144, 148-147. ముసలాణ్ణి కాదు, అరిగినవాణ్ణి కాదు, ముందు ముందు పెద్ద పెద్దవాళ్ళని ఓడించబోయే కుర్రాణ్ణి కొట్టాడు.

దీనికి దగ్గరగా రాగలిగింది 1938లో హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 57 కిలోల ఛాంపియన్‌గా ఉంటూ వెల్టర్‌వెయిట్ బార్నీ రాస్‌ని చితక్కొట్టడం ఒక్కటే. రాస్‌కి అదే ఆఖరి ఫైటు కావడం వల్ల అర మార్కు తగ్గించా. కొందరు నన్ను తిడతారు, తిట్టనీండి.

మన దేశానికొస్తే మేరీ కోమ్. 2012 లండన్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి బాక్సింగు పెట్టి, మూడే బరువులిచ్చారు, అన్నిట్లోకీ తక్కువది 51 కిలోలు. 48 కిలోల మేరీ పైకెక్కింది. మొదటి ఫైటులో ఎదురైన పోలండ్ అమ్మాయి మిహల్‌చుక్ 54 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్ అయి, కిందికి దిగొచ్చిన మనిషి. 19-14తో మేరీయే గెలిచింది. కంచు పతకం గురించి అందరూ చెబుతారు, ఈ ఫైటు గురించి ఎవరూ చెప్పరు.

బావ ఊరుకోడుగా. "నీ డురాన్ నవంబరులో ఏం చేశాడో అది కూడా చెప్పు" అని ఎత్తిపొడుస్తాడు. చెబుతా. అయిదు నెలలకి న్యూ ఆర్లియన్స్‌లో రీమ్యాచ్. విందుల్లో ఒళ్ళు పెంచి, గబగబా దించుకుని వచ్చి, నాట్యమాడుతున్న లెనార్డ్‌ని పట్టుకోలేక ఎనిమిదో రౌండులో ఇక చాలంటూ వెనక్కి తిరిగిపోయాడు. ఆ మచ్చ చెరగదు. అయితే బావా, మనం తూస్తున్నది జూన్ రాత్రిని. నవంబరుని దాని పళ్ళెంలో ఎందుకు వేస్తావ్?

మొన్న ఇదే మాటంటే బావ బదులు చెప్పలేదు. కాటా మీంచి ఫోను తీసి నా చేతిలో పెట్టి, "పక్కకి జరుగు, కాయలెక్కించాలి" అన్నాడు.