నాలుగేళ్ల బుల్లెట్ జర్నల్: ఆరు చుక్కల పుస్తకాలు నింపాక

నాలుగేళ్లలో ఆరు పుస్తకాలు నింపాను. అన్నీ ఏ5 సైజు, 5 మిల్లీమీటర్లకో చుక్క ఉన్నవే. బుల్లెట్ జర్నల్ అంటే చేయాల్సిన పనులూ, గుర్తుంచుకోవాల్సినవీ చిన్న చిన్న గుర్తులతో చేత్తో రాసుకునే పద్ధతి. ఆ మాట అనగానే చాలామందికి రంగురంగుల పేజీలు గుర్తొస్తాయి గానీ, 2013లో రైడర్ కారల్ అనే అమెరికన్ డిజైనర్ ఈ పద్ధతిని అందరి ముందూ పెట్టినప్పుడు ఇందులో బొమ్మల్లేవు. పనికి చుక్క, అయిపోతే దానిమీదే ఇంటూ, వచ్చే నెలకు జరిపితే బాణం ముల్లు, ఫంక్షన్లూ పెళ్లిళ్లూ అయితే సున్నా, గుర్తుంచుకోవాల్సిన మాటకు చిన్న గీత. అంతే.

మొదటి ఏడాది నేను వారానికో అలంకారం వేసేదాన్ని. పేజీ బాగా రాలేదని నాలుగైదు రోజులు అసలేమీ రాయని వారాలున్నాయి. ఇప్పుడు నెలకు ఒక్క పేజీకే బొమ్మ, మిగతాదంతా నల్ల పెన్ను. ఆ మార్పుతోనే ఈ అలవాటు నాకు నిలిచింది.

ఆ ఒక్క పేజీ మాత్రం తీరిగ్గా వేస్తాను. ఈ జనవరికి ముగ్గు వేశాను. సరి చుక్కల ముగ్గయితే పుస్తకంలో ఉన్న చుక్కల మీదే పడుతుంది. సందు చుక్కకే తిప్పలు: చుక్క విడిచి చుక్క తీసుకోవాలి, ఒక వరుస వదలాలి, కింది వరుసలో ఒక చుక్క పక్కకి జరగాలి. అలా 11 చుక్కలు, 6 వరకు పెడితే 10 సెంటీమీటర్లలో ఒదిగింది. మెలిక తిప్పేటప్పుడు పెన్ను ఆగకూడదు, ఆగిన చోటల్లా సిరా ఉబ్బుతుంది. ఆ గంటసేపూ నాకు ఫోను గుర్తురాదు.

కాగితం విషయంలో డబ్బు పోగొట్టుకున్నాను. 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల బరువు) కాగితం మీద బ్రష్ పెన్ను పెడితే వెనక పేజీ వదులుకోవాల్సిందే. 120 అని చెప్పి అమ్మిన పుస్తకం ఒకటి మామూలు ఇంకు పెన్నుకే దూదిలా పీల్చేసింది. ఇప్పుడు 160 వాడుతున్నాను. బరువు ఎక్కువే, అయినా వెనక్కి మరక దిగట్లేదు.

ఈ పద్ధతిలో ఇబ్బందులూ ఉన్నాయి. పాత విషయం వెతుక్కోవడం కష్టం, ముందు పేజీల్లో ఇండెక్స్ రాయకపోతే మరీను. అలారం మోగదు కాబట్టి అమ్మ మందుల వేళలు ఫోన్లోనే పెట్టుకున్నాను.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది నెలాఖరున మిగిలిన పనుల్ని చేత్తో మళ్లీ రాయడం. ‘నాన్న పాత ఫొటోలు స్కాన్ చేయించాలి’ అని వరసగా ఐదు నెలలు రాశాను. ఆరోసారి రాయబోయి పెన్ను మూసేశాను. ఆల్బమ్ సంచీలో పెట్టుకుని స్టూడియోకి బయల్దేరాను.