డిగ్రీ అయ్యి ఊళ్లో ఖాళీగా ఉన్న అబ్బాయికి ఏది మేలు: కోచింగా, ట్రైనింగా, దగ్గర్లో పనా?

తెనాలి, పొన్నూరు వైపు తల్లిదండ్రులు నన్ను పదేపదే అడిగేది ఇదే: "డిగ్రీ అయింది, ఖాళీగా తిరుగుతున్నాడు, సావాసాలు బాగాలేవు. ఎక్కడ పెట్టమంటారు?"

ఉద్యోగం లేని ప్రతి కుర్రాడూ దారి తప్పుతాడనడం అన్యాయం. నేను చూసేదల్లా చదువు ఆగిన రోజుకీ మొదటి జీతానికీ మధ్య ఎన్ని నెలల ఖాళీ ఉందన్నదే. క్రికెట్ బెట్టింగు, లోన్ యాప్ అప్పు, అది తీరాలంటే "ఈ బ్యాగు అక్కడ ఇచ్చి రా" అనే స్నేహితుడు, అన్నీ ఎదురయ్యేది ఆ ఖాళీలోనే.

కోచింగ్‌లో ఆ ఖాళీ ఎప్పటికి తీరుతుందో ఎవరూ చెప్పలేరు. ఏపీలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయితే, తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. అన్నాళ్లూ గుంటూరు హాస్టల్లో నాన్న పంపే డబ్బుతో గడవాలి. మధ్యలో గంజాయి కేసు పడితే, పరీక్ష పాసైనా పోలీస్ వెరిఫికేషన్‌లో చిక్కే. బ్యాగులో సరుకు 20 కిలోలు దాటి, నేరం రుజువైతే కనీస శిక్షే పదేళ్లు.

డీడీయూ-జీకేవై (గ్రామీణ యువతకు కేంద్రం ఇప్పించే ఉద్యోగ శిక్షణ) లాంటి ట్రైనింగ్ ఇంతకంటే నయం. పేద గ్రామీణ కుటుంబాల పిల్లలకు ఫీజుండదు, కోర్సు నెలల్లో అయిపోతుంది. కానీ ఉద్యోగం దూరపు సిటీలో ఇస్తే జీతం అద్దెకే సరిపోయి, చాలామంది ఊరికి తిరిగొచ్చేస్తారు. మళ్లీ ఖాళీ మొదలు.

అందుకే నా మొగ్గు దగ్గర్లో పనికే. మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తా, కోల్డ్ స్టోరేజీలో లెక్కలు, మోటార్ వైండింగ్, ఏదైనా సరే. జీతం తక్కువే, సీజన్ పోతే యార్డులో పనీ తగ్గుతుంది. అయినా డబ్బు ఆ నెలే చేతికొస్తుంది, పొద్దున రాకపోతే "ఏరా, ఎక్కడున్నావ్" అని ఓనరు ఫోన్ చేస్తాడు. చికాగోలో 2012 వేసవిలో హైస్కూలు పిల్లలకు 8 వారాల పని ఇచ్చి చూశారు. తర్వాతి 16 నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తగ్గాయి. దొంగతనాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది నగరం, మనది పల్లె. అయినా కొద్దిపాటి పనికే అంత ఫలితం రావడం నాకు పెద్ద విషయమే.

ఉపాధి హామీ ఇంటికి ఆసరా. డిగ్రీ కుర్రాడు అందులో నిలవడు.

కానిస్టేబుల్ కావాలన్న పట్టుదల ఉంటే ఆపకండి. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు, రాత్రి చదువు పెట్టుకోమనండి. ఆర్డర్ చేతికొచ్చేదాకా పగటి పని మాననని మాత్రం ముందే మాట తీసుకోండి.