మూడంతస్తుల మట్టి కంపోస్టు కుండ: బాల్కనీకి సరిపోతుందా?

బెంగళూరులో చెత్త వేరు చేయడం కొత్తేమీ కాదు. హైకోర్టు 2015లో ఇచ్చిన ఆదేశం తర్వాత తడి చెత్తకు పచ్చ బుట్ట, శానిటరీ చెత్తకు ఎర్ర బుట్ట, పొడి చెత్తకు సంచీ అనే పద్ధతి ఇక్కడ అలవాటైంది. ఆ పచ్చ బుట్టలోనిదంతా ఇంట్లోనే ఎరువుగా మార్చుకోవచ్చన్న ఉద్దేశంతో మారతహళ్లిలోని మా ఫ్లాటుకు ఈ కుండల వరుసను కొన్నాము.

ఒకదానిపై ఒకటి కూర్చునే మూడు కుండల్లో పై రెండింటికీ అడుగున తాడు అల్లిక ఉండడం వల్ల లోపల గాలి ఆడుతుంది, కాల్చిన మట్టి అదనపు తేమను పీల్చుకుంటుంది. బీరకాయ తొక్కు, కరివేపాకు రెమ్మలు, కాఫీ పిప్పి పై కుండలో వేసి, ప్రతిసారీ ఎండుటాకులో కొబ్బరిపొట్టో కప్పాలి. నిండాక దానిని మధ్యకు దించి, ఖాళీ కుండను పైకి చేర్చాలి. పొడి సరుకు తగ్గితే వాసన రావడం, పురుగు పట్టడం ఖాయం, వానాకాలంలో మరీను. మిగిలిపోయిన పప్పు, పులుసు నీరు వంచనిదే వేయకూడదు (మా ఇంట్లో తగువంతా ఇక్కడే). బాగా మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉంటుంది. మా గోంగూర కుండీకి అదే వేస్తున్నాము.

లోపాలూ ఉన్నాయి. నిండిన కుండను వయసు మళ్లినవారు ఒంటరిగా ఎత్తలేరు. మూత అంచు పగిలి వచ్చినప్పుడు, దానిని మార్పించుకోవడానికి అమ్మినవారికి పలుమార్లు ఫోన్ చేయవలసి వచ్చింది. పెద్ద కుటుంబానికి ఒక్క వరుస చాలదు కనుక, రెండు పెట్టే చోటుంటేనే కొనడం మంచిది.