మెరివేల్‌లో రాతి పెట్టె, మా పాపకు చెప్పిన అబద్ధం

నూట రెండు పౌండ్లు. పెద్దవాళ్ళకు తలకు 28, పాపకు 18. డార్ట్‌మూర్ మీద మూడు గంటలు నడిపించి, కంచు యుగం నాటి సమాధుల గురించి చెబుతామన్న గైడెడ్ వాక్‌కు నేను ముందుగానే ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు ఇది. నడిపించింది గంటా నలభై నిమిషాలు. అదైనా సరిపెట్టుకుందును కానీ, పదకొండేళ్ళ పిల్లకు అక్కడ చెప్పిన అబద్ధం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

అమ్మ కొత్తగూడెం నుంచి ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో ఉన్న మా ఇంటికి వచ్చి నెల అయింది. లండన్ చూపించాం, బాత్ చూపించాం. అన్నిటికీ "బాగుంది" అనేది, కాసేపటికి కాళ్ళు నొప్పులనేది. డార్ట్‌మూర్ వెళ్దామన్నది నేనే. ఇంగ్లండ్ నైరుతి మూల, డెవన్‌లో చెట్టూ చేమా లేని ఎత్తైన బీడు నేల అది. గడ్డి, బురద, గ్రానైట్ రాళ్ళు. ఆ బీడంతా పాతకాలపు సమాధులే. రాళ్ళు పేర్చిన గుట్టలు, కొన్నిటి కింద పలకరాళ్ళతో చేసిన పెట్టెలు. టావిస్టాక్‌లో రెండు రాత్రులు ఉన్నాం. టిఫిన్‌తో కలిపి రాత్రికి 96 పౌండ్లు. శుభ్రంగా ఉంది. పెట్రోలుకు 52 అయింది.

మెరివేల్ దగ్గర కారు ఆపి పది నిమిషాలు నడిస్తే చాలు, నేల మీద రాళ్ళ వరుసలు మొదలవుతాయి. రెండేసి వరుసలు జంటగా సాగుతాయి. పొడవైనది 260 మీటర్ల దాకా ఉంటుంది. రాళ్ళు చిన్నవే, చాలావరకు మోకాలెత్తు కూడా లేవు. వాటి పక్కనే ఉంది రాతి పెట్టె. అది చూడగానే అమ్మ నడక మారిపోయింది. మమ్మల్ని దాటుకుని ముందుకెళ్ళి, వంగి, లోపలికి చూసింది. "ఇవి మన రాకాసి గుళ్ళే కదే!" అంది. అమ్మ పుట్టింది పినపాక దగ్గర. జానంపేట గుట్టల మీద అలాంటి రాతి సమాధులు వందల్లో ఉన్నాయి. చిన్నప్పుడు మేకలతో వాటి మధ్యే తిరిగానని అంతకు ముందెప్పుడూ నాకు చెప్పలేదు.

ఈ పెట్టె మీది కప్పురాయి మధ్యలో వెడల్పాటి ఖాళీ ఉంది. రాయి రెండు ముక్కలై అటూ ఇటూ మిగిలింది. గైడు ఆ ఖాళీలో చెయ్యి పెట్టి, ఇది డ్రూయిడ్లనే ప్రాచీన బ్రిటన్ పూజారుల బలిపీఠమని, మనుషుల్ని బలిచ్చినప్పుడు నెత్తురు ఇందులోంచే కారేదని గొంతు తగ్గించి చెప్పాడు. పాప అమ్మమ్మ కొంగు పట్టుకుంది. "ఏమంటున్నాడే?" అని అమ్మ అడిగితే చెప్పాను. "మా ఊళ్ళో ముసలోళ్ళు కూడా రాక్షసులు కట్టారనే చెప్పేవాళ్ళు. పిల్లల్ని ఇట్లా నెత్తురని భయపెట్టలేదు" అంది. నేను ప్రశ్న వేస్తే, వర్షం వచ్చేలా ఉందంటూ అతను నడక ముగించాడు. చినుకు కూడా పడలేదు. మా ఆయన కారెక్కేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి పాప లైటు వేసుకుని పడుకుంది.

అసలు సంగతి మర్నాడు డార్ట్‌మూర్‌లోనే ఉన్న పోస్ట్‌బ్రిడ్జ్ ఊళ్ళోని విజిటర్ సెంటర్‌లో తెలిసింది. లోపలికి టికెట్ లేదు. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడ పాప అడిగింది విని, బయటికి వచ్చి మా పక్కన కూర్చుంది. ఆ కప్పురాయిని చీల్చింది పూజారులు కాదట. 1860 ప్రాంతంలో ఎవరో గేటు స్తంభం కోసం మధ్యలోంచి రాయి కోసుకుపోయారట. డ్రూయిడ్ల పేరు రాతల్లో కనిపించడానికి వెయ్యేళ్ళకు పైగా ముందే ఆ సమాధి ఉంది. 1895లో దాన్ని తవ్వినవాళ్ళకు దొరికింది ఒక చెకుముకి రాతి పనిముట్టు, ఒక సానరాయి. ఎముక ముక్క లేదు. ఇక్కడి మట్టిలో ఆమ్లం ఎక్కువ, ఎముకల్ని తినేస్తుంది. పైగా నిధుల కోసం జనం ఎప్పుడో చాలా సమాధుల్ని తోడేశారు. ప్రిన్స్‌టౌన్ దగ్గరి ఒక రాతి పెట్టెకు 'బంగారు కుండ' అనే పేరే ఉంది. అది వినగానే అమ్మ, "మా దగ్గర కూడా లంకెబిందెలని తవ్వి పాడు చేశారు" అంది. నేను ఇంగ్లిష్‌లో చెబితే ఆవిడ తలూపింది.

తర్వాత ఆవిడ డార్ట్‌మూర్‌లోని వైట్‌హార్స్ హిల్ అనే కొండ గురించి చెప్పింది. ఈ యాత్రలో నాకు దక్కింది అదే. దాదాపు 600 మీటర్ల ఎత్తున పీట్ మట్టి (సగం కుళ్ళిన నాచు, గడ్డి పేరుకున్న తడి నేల) దిబ్బ కరిగిపోతుంటే ఒక రాతి పెట్టె బయటపడింది. 2011లో దాన్ని తవ్వారు. మిగతా వాటిలాగే ఖాళీగా ఉంటుందనుకున్నారు. కానీ తడి పీట్‌లో గాలి ఆడదు, కుళ్ళు పట్టదు. లోపల ఎలుగుబంటి తోలులో చుట్టిన కాలిన ఎముకలున్నాయి. చెట్టునారతో అల్లిన బుట్ట, అందులో రెండు వందలకు పైగా పూసలు. పశువుల వెంట్రుకలతో అల్లి తగరపు బొడిపెలు పొదిగిన కడియం. నెటిల్ అనే దురద మొక్క నార, దూడతోలు కలిపి కుట్టిన ఒక వస్త్రం. లోపలున్నదాన్ని కొండ మీదే విప్పకుండా, మట్టితో సహా ఎత్తి ప్రయోగశాలకు తీసుకెళ్ళి, నెమ్మదిగా తీశారు. కాలం క్రీస్తుపూర్వం 1700 ప్రాంతం. చనిపోయిన మనిషి వయసు పదిహేనుకూ పాతికకూ మధ్య. ఆడో మగో ఎముకలు చెప్పలేదు. "పూసలున్నాయి కాబట్టి యువరాణి అనేస్తుంటారు, మేం అనం" అంది ఆవిడ. ఆ ఒక్క మాటకే నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

తవ్వే పద్ధతి కూడా ఆవిడే చెప్పింది. పాతకాలంలో సమాధి గుట్ట నడిమధ్యలో గొయ్యి తవ్వి వస్తువు కోసం వెతికేవారు. ఇప్పుడు గుట్టను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలే ముందు తవ్వుతారు. మధ్యలో వదిలిన మట్టి గోడల మీద ఏ పొర ముందు, ఏది తర్వాత అని చదవొచ్చు. బొగ్గుతో కాలం, పుప్పొడితో అప్పటి చెట్లు తెలుస్తాయి. పాప ఇదంతా నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుంది.

వైట్‌హార్స్ హిల్‌కు మేం వెళ్ళలేదు. బురదలో దూరం నడవాలి, అమ్మ వల్ల కాదు. అది సైన్యం కాల్పుల శిక్షణ చేసే ప్రాంతం కూడా. వెళ్ళేవాళ్ళు ఆ రోజు కాల్పులున్నాయేమో తప్పకుండా చూసుకోవాలి. కంచు యుగం నాటి ఊరు గ్రిమ్స్‌పౌండ్ చూశాం, 24 గుండ్రటి ఇళ్ళ పునాదులు, గంట చాలు. టీ, స్కోన్లు (బన్ను లాంటివి) తలకు 8.50 పౌండ్లు. డెవన్‌లో స్కోన్ మీద మీగడ ముందు, జామ్ తర్వాత రాస్తారు. అమ్మకు అది భలే నచ్చింది.

నా సలహా: మెరివేల్‌కు గైడు అక్కర్లేదు. ముందు పోస్ట్‌బ్రిడ్జ్ వెళ్ళి విని, ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) వాళ్ళ డార్ట్‌మూర్ మ్యాప్, ఓఎల్28, కొనుక్కుని, తర్వాత మెరివేల్ వెళ్ళండి. చీలమండ దాకా ఉండే బూట్లు వేసుకోండి. సమాధి గుట్టల మీద రాయి పెట్టకండి, తీయకండి. ఏ రాయి ఎప్పటిదో తవ్వేవాళ్ళకు తెలియకుండా పోతుంది.

ఆ నడక కంపెనీకి మెయిల్ పెట్టాను. డబ్బు తిరిగివ్వరట, వచ్చేసారికి పది శాతం తగ్గిస్తారట. గేటు స్తంభం గురించి ఒక్క ముక్క రాయలేదు.

తిరుగు ప్రయాణంలో పాప అడిగితే మళ్ళీ మెరివేల్ దగ్గర ఆగాం. ఈసారి భయపడలేదు. ఆ ఖాళీలో తనే చెయ్యి పెట్టి, స్తంభం ఎంత లావు ఉండేదో అమ్మమ్మకు జానలతో కొలిచి చూపించింది. డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం. జానంపేటకు బండి మాట్లాడమని అమ్మ అప్పుడే మామయ్యకు ఫోన్ చేసింది.