మిద్దె మీద రేకుల గదికి 1.5 టన్నుల ఏసీ: ఐదు ఎండాకాలాలు వాడాక

తిరుపతిలో మిద్దె మీద రేకుల గదికి ఏసీ అడిగితే దుకాణంలో వచ్చే మొదటి మాట, "పై గది కదండీ, రెండు టన్నులు తీసుకోండి." 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న గదిలో 1.5 టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్‌ను ఐదు ఎండాకాలాలు నడిపిన మీదట చెప్పేది ఇది: ఆ అర టన్నుకు పెట్టే డబ్బు ముందు పైకప్పుకు పెట్టండి.

టన్ను అంటే 3.5 కిలోవాట్ల వేడిని బయటికి తోడడం. రోళ్లు పగిలే రోహిణి ఎండలో రేకు 65 డిగ్రీల దాకా కాగుతుంది. లోపల 26 ఉండాలంటే, ఉత్త రేకు కింద ఈ గదికి కప్పు నుంచే సుమారు 3.2 కిలోవాట్లు దిగుతాయి. దాదాపు టన్ను దానికే సరి! జిప్సమ్ సీలింగ్ కొడితే 1.3. సీలింగ్ మీద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార పరుపు) పరిస్తే 0.4. గోడలు, కిటికీ, ఇద్దరు మనుషులు, టీవీ కలిపి ఇంకో 2.4. మొత్తం 2.8 అయినప్పుడు టన్ను చాలదా అంటే, ఏసీ రేటింగ్ ఇచ్చేది బయట 35 డిగ్రీలకు. 42 దాటితే శక్తి తగ్గుతుంది. అందుకే 1.5.

రాక్‌వూల్‌కూ రేకుకూ మధ్య జానెడు ఖాళీ వదిలి, రెండు చివర్లా గాలి పోయే జాలీలు పెట్టించాలి. రేకు మేకుల దగ్గర రబ్బరు వాషరు, సీలెంటు తప్పనిసరి. నవంబరు వానలకు ఒక్క మేకు కారినా రాక్‌వూల్ తడిసి పనికిరాకుండా పోతుంది, సీలింగ్ స్క్రూల చుట్టూ పసుప్పచ్చ మరక కనిపిస్తుంది. అది కనపడిన రోజే పైకెక్కి చూడండి.

మాకు ఇబ్బంది పెట్టింది మాత్రం ఏసీ బిగింపు. రెండో ఏడు చల్లదనం తగ్గింది, సన్న గొట్టం మీద మంచు కట్టింది, గొట్టాన్ని యూనిట్‌కు కలిపే ఫ్లేర్ నట్టు దగ్గర నూనె జిడ్డు. నట్టు అతిగా బిగించడంతో గొట్టం అంచు చిట్లి గ్యాస్ పోయింది. బిగించేటప్పుడు గొట్టాల్లోని గాలి లాగేసే వాక్యూమ్ పంపు కనీసం 20 నిమిషాలు ఆడాలి, గ్యాస్‌తోనే గాలి తోలేస్తామంటే ఒప్పుకోకండి.

ఔట్‌డోర్ యూనిట్‌ను పడమటి గోడకు పెట్టించొద్దు. పైన నీడ ఉండాలి కానీ ముందు వైపు పూర్తిగా తెరిచి ఉండాలి, వెనక అడుగు ఖాళీ ఉండాలి.

వానాకాలం రాత్రుల్లో గది ఇట్టే చల్లబడుతుంది, తేమ మాత్రం పోదు. అప్పుడు డ్రై మోడ్ వాడాలి. రెండు టన్నులైతే ఈ చెమ్మ ఇంకా ఎక్కువగా ఉంటుంది.

రేకు పొద్దు గూకగానే చల్లారుతుంది. స్లాబు గది అలా కాదు, అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. దానికి పైన తెల్ల సున్నమో కూల్ టైల్సో వేశాకే టన్నుల లెక్క కట్టండి.